నడుస్తది

జూన్ 24, సోమవారం

రిపోర్టు నా చేతికే ఇచ్చారు. "మీలో చదువుకున్నవాళ్ళు ఎవరు?" అని డాక్టరు అడగగానే బాపు నన్ను ముందుకు తోశాడు. "మా బిడ్డ ప్రేమలత సార్. బీఈడీ చేస్తాంది" అన్నాడు. డాక్టరు బాపును బయట కూర్చోమన్నాడు.

కడుపులో క్యాన్సర్. కాలేయానికి పాకింది. ఆపరేషన్‌తో పోయేది కాదు. పెద్ద మందులు ఎక్కిస్తే ఈ ఒంటికి బాధే ఎక్కువ, నొప్పికీ ఆకలికీ రాసిస్తాను, ఇంట్లో మంచిగా చూసుకోండి అన్నాడు. ఎన్ని రోజులని అడిగాను. నాలుగు నెలలు, ఇంకొంచెం ఎక్కువ కూడా కావచ్చు అన్నాడు. "ఆయనకు నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అని అడిగాడు. నేనే చెప్తానన్నాను.

బయట బాపు బెంచీ మీద పక్కాయనతో మార్కెట్ ముచ్చట్లు పెట్టాడు. నన్ను చూసి లేచాడు.

"ఏం రాసిండ్రు బిడ్డా? సదువు."

కాగితం విప్పాను. ఇంగ్లీషులో మెటాస్టాటిక్ అని ఉన్న మాట కింద వేలు పెట్టాను. వేలు జరుపుకుంటూ చదివాను.

"కడుపుల గడ్డ ఉన్నదట బాపూ. మందులకు కరుగుతదట."

"గంతేనా? నడుస్తది."

బాపుకు అన్నిటికీ అదే మాట. చెప్పు తెగితే తీగ చుట్టుకుని నడుస్తది అంటాడు. కూరలో ఉప్పు లేకపోయినా నడుస్తది. నేను ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పిన రోజు కూడా "మల్ల రాస్తవ్ తియ్, నడుస్తది" అన్నాడు.

నోటితో చెప్తే సరిపోయేది. వేలు ఎందుకు పెట్టానో తెలియదు.

జూన్ 25

అమ్మకూ అదే చెప్పాను. అమ్మ మొహంలో ఏదీ దాగదు. అమ్మకు తెలిస్తే బాపుకు తెలిసినట్టే.

జూలై 3, బుధవారం

ఈ రోజు విజయలక్ష్మి మేడం కొత్త పాఠం మొదలుపెట్టింది. భావవాదం, ప్రకృతివాదం అయిపోయాయి. ఇప్పుడు వ్యావహారిక సత్తావాదం, ఇంగ్లీషులో ప్రాగ్మాటిజం. పేరు నోరు తిరగదని అందరూ నవ్వారు. మేడం ఇలా చెప్పింది: ఒక నమ్మకాన్ని ఊరికే చూసి అది నిజమో కాదో చెప్పలేం. దాన్ని నమ్మి బతికితే ఏం జరుగుతుందో చూడాలి. ఫలితమే దానికి పరీక్ష.

రాసుకుంటుంటే నాకు బాపు మాట గుర్తొచ్చింది. ఇంత పెద్ద పేరున్న తత్వం మా ఇంట్లో ఒక్క మాటలో ఉంది. నడుస్తది.

జీవితంలో మొదటిసారి ఒక పాఠం నా కోసమే రాసినట్టు అనిపించింది. మేడం బోర్డు మీద రాసింది మొత్తం నోట్సులోకి ఎక్కించుకున్నాను. కింద గీత కూడా గీశాను.

జూలై 10, బుధవారం

బాపు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అమ్మ గిన్నె ఖాళీ అయిందని చూపిస్తే, "గిన్నె చిన్నదైంది హన్నా, పెద్దది కొనాలె" అన్నాడు. అమ్మ, "కడుపుల గడ్డ పోయి చెరువు పడ్డట్టున్నది" అంది. ఇద్దరూ నవ్వారు. ఎన్ని నెలలైందో అట్లా నవ్వి.

ఆకలి పుట్టించే మందు అందులో ఉందని డాక్టరు చెప్పాడు. నాకు తెలుసు. కాని ఆ మందు మనిషిని నవ్వించదు కదా. నవ్వించింది నమ్మకమే.

రేపటి నుంచి మార్కెట్‌కు పోతాడట. వద్దంటే వినలేదు. ముప్పై ఏళ్ళ హమాలీ. బస్తా మీది చిట్టీలో ఎంత రాసి ఉన్నా నమ్మడు, భుజం మీద పడ్డాక చెబుతాడు, రెండు కిలోలు తక్కువుందని. కాంటా మీద పెడితే ఆయన చెప్పినంతే ఉంటుంది. నేను చదివిన కాగితాన్ని మాత్రం ఎన్నడూ అట్లా చూసుకోలేదు.

జూలై 21, ఆదివారం

చర్చిలో పాటలు అయ్యాక పాస్టరు గారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉంటే లేవండి" అన్నారు. ఎప్పుడూ లేచేవాళ్ళే లేస్తారు. ఈ రోజు బాపు లేచాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ లేవని మనిషి.

"నా పేరు దేవదానం. మీకందరికి ఎర్కే. నా కడుపుల గడ్డ ఉండె. బువ్వ పోకపోయేది. నా బిడ్డ దవాఖాన కాయితం సదివింది. కరుగుతదని అండ్ల రాసి ఉన్నది. నేను ప్రార్థన చేసిన. కరిగింది. మొన్న బస్తా లేపిన. ఇది దేవుడు చేసిండు."

అందరూ చప్పట్లు కొట్టారు. నా వెనక వరుసలో సోమక్కత్త ఏడ్చింది. మా వాడకట్టే. రైస్‌మిల్లులో పని చేస్తుంది. బాపును అన్నా అంటుంది, బాపుకు తోడబుట్టినవాళ్ళు లేరు కాబట్టి నాకు అత్తంటే ఆమే. ఆమెకు రొమ్ములో గడ్డ. క్యాన్సరే, కాని తొందరగా దొరికింది, తీసేస్తే బాగవుతుందని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్ ఆగస్టు ఆరు. కాగితాలన్నీ నేనే నింపాను.

ప్రార్థన అయిపోయాక అత్త బాపు చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జూలై 22

దీని వల్ల ఎవరికీ నష్టం లేదు.

జూలై 30, మంగళవారం

సోమక్కత్త వచ్చింది. ఆపరేషన్‌కు పోదట.

"ఎందుకత్తా?"

"మా అన్నకు కరిగిచ్చిన దేవుడు నాకు కరిగియ్యడా? నేనేం తక్కువ చేసిన?"

అమ్మ కోప్పడింది. "ఓ సోమక్కా, నీకు డాక్టర్లు కోస్తమన్నరు, ఈయనకు మందులే అన్నరు. రెండు ఒకటేనా?"

"గడ్డ గడ్డే గద వదినా. నీ మొగనికో గడ్డ, నాకో గడ్డ. దేవునికి అండ్ల ఫరక్ ఉంటదా?"

"పాస్టరయ్య ఏమన్నడు?"

"పొమ్మన్నడు. దేవుడే డాక్టర్లను ఇచ్చిండు, చేయించుకో అన్నడు. కని పాస్టరయ్యకు గడ్డ లేకపాయె. అన్నకు ఉండె."

బాపు మంచం మీద కూర్చుని వింటున్నాడు. సంతోషంగా తల ఊపాడు. నేను అత్తను వాకిట్లోకి తీసుకెళ్ళి చాలా చెప్పాను. తొందరగా తీసేస్తే ఎంతమంది బాగయ్యారో చెప్పాను. నా తలను నిమిరింది. "నువ్వు మస్తు సదువుకున్నవు బిడ్డా. విశ్వాసం జర తక్కువున్నది" అంది.

ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను.

ఆగస్టు 1

అసైన్‌మెంట్ ఇచ్చాను. "జీవితంలోనూ తత్వంలోనూ వ్యావహారిక సత్తావాది అంటే ఎవరు?" ఆరు పేజీలు రాశాను. పేర్లు మార్చి ఒక ఉదాహరణ ఇచ్చాను. ఒక రోగికి మంచి మాట చెప్పారు, అతను అన్నం తిన్నాడు, పనికి పోయాడు, కాబట్టి అతని జీవితంలో ఆ మాట నిజమైంది అని. బాగా వచ్చిందనుకుంటాను.

ఆగస్టు 6, మంగళవారం

అత్త మిల్లుకు పోయింది. పొద్దున చాటంత గొడుగు పట్టుకుని మా ఇంటి ముందు నుంచే పోయింది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

తేదీ తప్పితే ఇంకో తేదీ ఇస్తారు. దవాఖానకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇస్తారట. ఆలస్యం చేయొద్దన్నారు. ఆలస్యం అంటే ఎంత అని నేను అడగలేదు.

ఆగస్టు 14, బుధవారం

మేడం అసైన్‌మెంట్ తిరిగిచ్చింది. పదికి ఏడు. నా ఉదాహరణ పక్కన ఎర్రపెన్నుతో రాసింది: "ఫలితం మంచిదన్నావు. ఎవరికి? ఎంతకాలం? ఒక్కరి దగ్గర ఆగిపోయిన ఫలితం ఫలితం కాదు. మిగతాది కూడా చూడాలి."

మూడు మార్కులు పోయాయి. కొంచెం మెల్లగా రాసి ఉంటే పోయేవి కావు.

ఆగస్టు 18

వచ్చే ఆదివారం అత్తకు చెబుతాను.

ఆగస్టు 25

చెప్పలేదు. బాపు ఈ రోజు చర్చిలో పాడాడు. గొంతు సన్నబడింది. వచ్చే ఆదివారం.

సెప్టెంబర్ 1

వాన. ఎవరూ బయటికి రాలేదు. చెప్పలేకపోవడానికి ఈసారి కారణం వాన.

సెప్టెంబర్ 5

బాపు మార్కెట్ మానేశాడు. అలసట అంటాడు. అన్నం ముందు పెట్టుకుని కూర్చుంటాడు. నొప్పి మందు ఎక్కువ చేశాను. "కరిగేటప్పుడు నొయ్యదా మరి" అన్నాడు నాతో. నేను అవునన్నాను.

సెప్టెంబర్ 12, గురువారం

సోమక్కత్త నన్ను వాళ్ళింటికి పిలిచింది. తలుపు దగ్గరకు వేసింది. మొహం వెలిగిపోతోంది.

"ప్రేమా, ఇగో సూడు. మీ అమ్మకు కూడ చూపియ్యలే. మెత్తబడ్డది."

జాకెట్ కింద మడత పెట్టిన పాత చీర పేలిక. తీసింది. చర్మం పగిలింది. తడిగా ఉంది. వాసన వచ్చింది.

"కరిగి బయటికి వస్తాంది. చూసినవా? నేను చెప్పలే?"

నేను ఆ బట్ట మళ్ళీ మడతపెట్టి ఇచ్చాను. బయటికి వచ్చాను. కరుగుతుంది అన్నది నా మాట. దవాఖాన బెంచీ దగ్గర, ఆ పూట గడిస్తే చాలని పుట్టించిన మాట. అది ఇల్లు దాటి, చర్చి దాటి, ఆమె ఒంటి మీదికి వచ్చింది.

సెప్టెంబర్ 13, శుక్రవారం

చెప్పాను.

మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"అత్తా, బాపుది కరగలే. ఆయనది కూడ క్యాన్సరే. ఇంక ఎక్కువ రోజులు లేడు."

చెంబు కింద పెట్టింది. "కరుగుతదని కాయితంల ఉన్నదని నువ్వే గద సదివినవ్?"

"అండ్ల అట్ల లేదు. నేనే అట్ల సదివిన."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఉన్నది చెప్తాన."

నవ్వింది. కోపంతో కాదు, జాలిగా. "ఒకటే కాయితం. అప్పుడు అట్ల సదివినవ్, ఇప్పుడు ఇట్ల సదువుతానవ్. రేపు ఇంకెట్ల సదువుతవో. నాకు ఎర్కలేదా? నన్ను దవాఖానకు తోల్దామని ఈ ముచ్చట పుట్టిచ్చినవ్. మంచి పిల్లవే. కని బతికున్న నాయిన మీద గసొంటి మాట అనకు. పాపం తగుల్తది."

"నిజం అత్తా."

"మా అన్న నోటితోటి చెప్పనీ. నమ్ముత."

నేను చెప్పిన అబద్ధాన్ని వాడకట్టంతా నమ్మింది. నిజం చెబితే, పని జరగడానికి ఆడిన అబద్ధం అనుకుంటోంది. నా చదువుకు ఇంక ఈమె దగ్గర విలువ లేదు. బాపు మాట ఒక్కటే మిగిలింది.

సెప్టెంబర్ 14, శనివారం

అమ్మ కూరగాయలకు పోయింది. బాపు గోడకు ఒరిగి ఎండలో కూర్చున్నాడు. రిపోర్టు తెచ్చి పక్కన కూర్చున్నాను.

"బాపూ, ఇది మల్ల సదువుత."

"ఓసారి సదివినవ్ గద."

"తప్పు సదివిన."

నా మొహం చూశాడు. "అయితే మొత్తం సదువు" అన్నాడు. "ఏదీ ఇడిసిపెట్టకు."

వేలు పెట్టి మొదటి నుంచి చదివాను. ఒక్కో మాట ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. బాపు కళ్ళు నా వేలి వెంటే నడిచాయి. మెటాస్టాటిక్ దగ్గర ఆగాను.

"గదేంది?"

"పాకింది అని. కాలేయానికి."

"నీకెప్పటి సంది తెలుసు?"

"ఆ దినం సంది."

"మీ అమ్మకు?"

"తెల్వదు."

కాగితం తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు, బరువు చూసేటట్టు. "ఒళ్ళు చెప్పుకుంటనే ఉన్నది బిడ్డా. నెల సంది చెప్తాంది. నువ్వు సదివినవు గదా అని నేనే ఒంటి మాట ఇనలే."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అప్పుడు సోమక్కత్త సంగతి చెప్పాను. తేదీ తప్పింది, పుండు పగిలింది, అంతా చెప్పాను.

"ఎందుకు పోలేదు?"

"నీ సాక్ష్యం ఇని."

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అమ్మ గేటు తీసిన చప్పుడైంది. "హన్నాకు నేను చెప్త" అన్నాడు గోడతోనే. "నువ్వు పో ఇక్కడికెల్లి."

సెప్టెంబర్ 15, ఆదివారం

అమ్మ భుజం పట్టుకుని చర్చికి నడిచాడు. ఆటో పిలుస్తానంటే వద్దన్నాడు. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవమనగానే లేచాడు. ముందు వరుస బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"నేను మొన్న చెప్పిన సాక్ష్యం తప్పు. దేవుడు తప్పు చెయ్యలే. నేను సదువు రానోన్ని. డాక్టరు ఒకటి చెప్తె నేనొకటి సమజ్ చేసుకున్న. నా బిడ్డ సక్కగనే సదివింది. నేనే ఇనలే. నా గడ్డ కరగలే. కొన్ని దినాలల్ల పోత. సోమక్కా, నువ్వు రేపే దవాఖానకు పో చెల్లే. నన్ను చూసి ఆగకు. గిదే నా సాక్ష్యం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నా బిడ్డ సక్కగనే సదివింది అన్నప్పుడు నేను లేవాల్సింది. లేవలేదు. అందరూ ఆ మాట నమ్మారు. పక్కనున్నావిడ నా చేయి నొక్కింది, పాపం అన్నట్టు. బాపు అబద్ధం బాగా పనిచేసింది. నా పరువు నిలబడింది.

సోమక్కత్త వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె ఒక్కతే నమ్మలేదు.

సెప్టెంబర్ 17, మంగళవారం

అత్తను దవాఖానకు తీసుకెళ్ళాను. ఇప్పుడు నేరుగా కోయడం కుదరదట. ముందు మందులు ఎక్కించాలి. కొన్నిసార్లు ఎక్కించాక మళ్ళీ స్కానింగ్ తీసి చూస్తారట.

"ఆగస్టులో ఎందుకు రాలేదమ్మా?" అని డాక్టరు అడిగింది.

నేను ఫైల్లో కాగితాలు సర్దాను.

"భయమైంది సార్" అంది అత్త. ఆడ డాక్టరే, అయినా సార్ అనే అంది. నా వైపు చూడలేదు.

సెప్టెంబర్ 29

బాపు ఇప్పుడు ప్రతి మందు చీటీ చదివించుకుంటాడు. డబ్బా మీద రాసిన తయారీ తేదీ కూడా. "ఇంకేమన్న ఉన్నదా?" అని అడుగుతాడు. లేదంటే డబ్బా తిప్పి చూస్తాడు, చదవడం రాకపోయినా.

నడుస్తది అన్న మాట పదిహేను రోజులుగా ఇంట్లో వినపడలేదు.

అక్టోబర్ 5, శనివారం

పొద్దున కొంచెం తెలివిగా ఉన్నాడు. నన్ను పిలిచాడు.

"జూలైల మంచిగ బతికిన బిడ్డా. తిన్న. నవ్విన. బస్తా లేపిన. అవి నువ్విచ్చిన దినాలే, కాదన."

నేను ఏడుస్తూ తల ఊపాను.

"కని సోమక్క దినాలు తీసి నాకిచ్చినవ్. అడగకుంట."

కళ్ళు మూసుకున్నాడు. నేను ఏదో అనబోయాను. చేయి ఎత్తి వద్దన్నాడు.

అక్టోబర్ 9

బాపు పొద్దున పదింటికి పోయాడు.

అక్టోబర్ 13, ఆదివారం

వాడలో మొన్నటిదాకా బతుకమ్మ పాటలు వినిపించాయి. గురువారం సమాధి దగ్గరకు హమాలీలు అందరూ వచ్చారు. పెట్టెను వాళ్ళే మోశారు. దించేటప్పుడు ఒకాయన, "అన్న ఏం బరువు లేడు" అన్నాడు.

సోమక్కత్త వచ్చింది. తలకు కొంగు చుట్టుకుంది, వెంట్రుకలు రాలుతున్నాయి. అమ్మను పట్టుకుని ఏడ్చింది. నాకు నీళ్ళ గ్లాసు అందించింది.

అక్టోబర్ 24

తత్వశాస్త్రం పేపరు. అదే ప్రశ్న వచ్చింది. మేడం ఎర్రపెన్నుతో రాసిన మాటలే రాశాను. ఎవరికి, ఎంతకాలం, ఎక్కడిదాకా. నమ్మకం తాకిన ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకున్నాకే అది నిలిచిందో లేదో తెలుస్తుందని రాశాను. ఉదాహరణ ఇవ్వలేదు. ఖాళీ ఉండిపోయింది.

నవంబర్ 12, మంగళవారం

అత్త స్కానింగ్ రిపోర్టు ఈ రోజు ఇచ్చారు. ఇన్నిసార్లూ వెంట నేనే వస్తున్నాను. రమ్మని పిలవదు, వద్దనీ అనదు. ఆటోలో పక్కన కూర్చుంటుంది.

కౌంటర్ దగ్గర కవరు ఆమె చేతికే ఇచ్చారు. డాక్టరును కలవడానికి ఇంకా గంట పడుతుందన్నారు. బెంచీ మీద మా ఇద్దరి మధ్య కవరు పెట్టుకుంది. నేను ఎదురుచూశాను. సదువు బిడ్డా అంటుందని.

అటు పక్క ఎవరో ఇంటర్ చదివే అమ్మాయి కూర్చుంది. కాలేజీ ఐడీ కార్డు మెడలో ఉంది. అత్త కవరు తీసి ఆ పిల్లకు ఇచ్చింది.

"నీకు ఇంగ్లీషు వస్తదా బిడ్డా? జర ఇది సదువు."

ఆ పిల్ల బెదురుగా నన్ను చూసింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మాయి మెల్లగా, అక్షరాలు కూడుకుంటూ చదివింది. పేరు, వయసు, ఎడమ వైపు, ఊపిరితిత్తి. ఒక మాట దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు నోటిలో తిప్పింది. రాలేదు. కాగితం నా వైపు తిప్పింది.

"అక్కా, ఈ మాట ఏంది?"

బాపు కాగితంలో ఉన్న మాటే.

అత్త నన్ను చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి నేరుగా చూసింది. ఆ మాట కింద వేలు పెట్టాను.

"మెటాస్టాటిక్. పాకింది అని, అత్తా. ఊపిరితిత్తికి పాకింది."

అత్త కొంగు సర్దుకుంది. తర్వాత నన్ను దాటి, ఆ పిల్ల వైపు వంగింది.

"అట్లనే ఉన్నదా బిడ్డా, అండ్ల?"